గాలి బాబాయ్ షాపును జరిపింది నేనే

నా పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, చిరునామా పైన గళ్ళలో రాసినవన్నీ సరైనవే. వయసు ముప్ఫై ఆరు. చదువు డిగ్రీ. వృత్తి దగ్గర రైటరు గారు "కంప్యూటర్ పని" అని రాశారు. అలా రాస్తే సరిపోదు. చిన్న చిన్న షాపుల వాళ్ళకు వెబ్‌సైట్లు తయారుచేసి, వాటిని చూసి జనం షాపుకు వచ్చేలా చేయడం నా పని. పదకొండేళ్ళుగా ఇదే పని. ప్రస్తుతం నా చేతిలో నలభై ఒక్క షాపులు ఉన్నాయి. బేకరీ, చెప్పుల షాపు, కళ్ళద్దాల షాపు, పళ్ళ డాక్టరు, తాళాలు బాగుచేసే ఆయన, ఇలాంటివి. మా వీధిలో నన్ను కంప్యూటరమ్మ అంటారు.

ఈ రోజు శుక్రవారం. ఉదయం పది గంటలకు నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చాను. ఎవరూ పిలవలేదు, బెదిరించలేదు. మంగళవారమే రావలసినదాన్ని. ఆ సంగతి కూడా చెబుతాను.

మీరు బుధవారం తీసుకొచ్చి కూర్చోబెట్టిన పెద్దాయనను మేమంతా గాలి బాబాయ్ అంటాం. ఆయన నాకు చుట్టం కాదు. వీధిలో అందరికీ బాబాయే. వయసు డెబ్బై రెండు. ఆసుపత్రి వెనక వీధిలో, ప్రింటింగ్ ప్రెస్ పక్కన ఆయన షాపు. రోగుల మంచాలు, చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ సిలిండర్లు అద్దెకు ఇస్తారు. గాలి ఇచ్చే మనిషి కనక గాలి బాబాయ్ అయ్యారు. ఆ పేరంటే ఆయనకు కోపం లేదు. "దేవుడు ఊరికే ఇచ్చేదాన్ని అద్దెకిచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే" అని ఆయనే నవ్వుతారు.

ఆయనకు ఎడమ చెవి పూర్తిగా వినపడదు. కుడి చెవి సగం. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే వింటారు. ఫోన్‌లో అయితే నాలుగుసార్లు "ఆఁ?" అని, ఐదోసారి "సరే సరే" అని పెట్టేస్తారు. ఏది సరేనో ఆయనకూ తెలియదు, అవతలివాళ్ళకూ తెలియదు.

మూడేళ్ళ కిందట మా అమ్మ జబ్బుపడి ఇంట్లో ఉన్నప్పుడు ఆక్సిజన్ ఇచ్చింది ఆయనే. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అరవై తొమ్మిదేళ్ళ మనిషి సిలిండర్‌ను భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చారు. మీటరు సరిచేసి, అమ్మ ముక్కుకు గొట్టం పెట్టి, ఆ తర్వాత గుమ్మంలో కూలబడి చాలాసేపు రొప్పారు. అమ్మ మంచంమీద నుంచే "నాకు గాలి తెచ్చి నీ గాలి పోగొట్టుకునేలా ఉన్నావయ్యా" అంది. వారానికి రెండుసార్లు అలా వచ్చేవారు. అమ్మ ఆఖరి రెండు నెలలు కూర్చుని మాట్లాడగలిగిందంటే ఆయన వల్లే. ఇది ఈ కేసుకు అవసరం లేదని ఇన్‌స్పెక్టర్ గారు అన్నారు. ఉండనివ్వమని నేనే అడిగాను.

పోయిన సంవత్సరం ఆసుపత్రి గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల, పెద్ద అద్దాలతో ఇంకో ఆక్సిజన్ షాపు పెట్టారు. అప్పటి నుంచి బాబాయ్ దగ్గరకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన పొద్దున్నే షాపు తెరిచి, సిలిండర్లు గుడ్డతో తుడిచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చునేవారు. ఆ దారిన పోతూ రోజూ చూసేదాన్ని. ఊరందరి షాపులకూ బేరాలు తెప్పించేదాన్ని, ఆయన కోసం ఏమీ చేయలేదే అనిపించేది.

ఫిబ్రవరిలో నేనే అడిగాను. "బాబాయ్, నీకో వెబ్‌సైట్ చేసి పెడతాను" అన్నాను.

"నాకెందుకమ్మా? ముప్ఫై ఏళ్ళ నుంచి ఇక్కడే ఉన్నాను. ఎక్కడికి పోతాను?" అన్నారు.

"అడగందే అమ్మైనా పెట్టదు. నువ్విక్కడ ఉన్నావని నువ్వు చెప్పకపోతే జనానికెలా తెలుస్తుంది?" అన్నాను.

"నువ్వే చెప్పు మరి. నీ నోరు మంచిది" అన్నారు.

ఇస్త్రీ చొక్కా వేయించి, గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీశాను. ఆయన ఫోటోకు నవ్వలేదు. "రోగం వచ్చినవాళ్ళు చూసే ఫోటోలో ఇకిలించకూడదు" అన్నారు. వెబ్‌సైట్‌లో ఫోన్ నంబరు వద్దనుకున్నాను, ఆయనకు వినపడదు కాబట్టి. దానికి బదులు మెసేజ్ పంపే బటన్ పెట్టాను. ఆ మెసేజ్‌లు నా ఫోన్‌కు వస్తాయి. చూసి నేను ప్రింటింగ్ ప్రెస్‌కు ఫోన్ చేస్తే, ప్రెస్ ఆయన పక్కకు వెళ్ళి బాబాయ్‌కి చెబుతాడు. మెసేజ్ పెట్టినవాళ్ళకు వెంటనే జవాబు పోవాలి, లేకపోతే ఇంకో షాపుకు వెళ్ళిపోతారు. అందుకని దానంతట అదే వెళ్ళే జవాబు ఒకటి రాసి పెట్టాను. "నమస్కారం. మీ మెసేజ్ అందింది. మేం ఇక్కడే ఉన్నాం. వెంటనే వచ్చేయండి." ఈ మాటలు నావి. రాసి చదివి వినిపిస్తే బాబాయ్ "అచ్చం మనిషి మాట్లాడినట్టే ఉందమ్మా" అన్నారు.

ఇంత చేసినా నెలకు ఇద్దరు ముగ్గురు తప్ప రాలేదు. ఎందుకో నాకు తెలుసు. జనం ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి ఫోన్‌లో ఆక్సిజన్ అని వెతుకుతారు. మ్యాప్ దగ్గర్లో ఉన్న షాపును ముందు చూపిస్తుంది. బాబాయ్ షాపు వెనక వీధిలో ఉంది, కాబట్టి కిందెక్కడో వస్తుంది. అంత కిందకు ఎవరూ చూడరు.

మార్చి పద్నాలుగో తేదీ మధ్యాహ్నం రెండున్నరకు, మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, మ్యాప్‌లో బాబాయ్ షాపు గుర్తును వెనక వీధి నుంచి తీసి ఆసుపత్రి గేటు పక్కన పెట్టాను. అక్కడ ఉన్నది చెప్పుల షాపు. మా పనిలో దీన్ని జరపడం అంటాం. సందు లోపలి షాపును రోడ్డు మీదికి జరుపుతాం. ఈ పని చేసేవాళ్ళు చాలామంది చేస్తారు. తప్పించుకోవడానికి ఈ మాట చెప్పడం లేదు. చెప్పుల షాపు నుంచి బాబాయ్ షాపుకు సందులోంచి నడిస్తే ఆరువందల నలభై అడుగులు. నిన్న లెక్కపెట్టుకుంటూ నడిచాను.

వచ్చినవాళ్ళు చెప్పుల షాపు చూసి తిరిగి వెళ్ళిపోకుండా ఏర్పాటు చేశాను. చెప్పుల షాపు ఆయన వెబ్‌సైట్ కూడా నేనే చూస్తాను. ఆక్సిజన్ కోసం ఎవరైనా వస్తే వెనక వీధికి దారి చూపించమని అడిగాను. ఆయన సరదా మనిషి. "దారి చూపించడమేగా. వచ్చేవాళ్ళు చెప్పుల్తోనే వస్తారు, ఓ చూపు నా షాపు మీద కూడా పడుతుంది" అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా బయటికి వచ్చి, బూట్లు తొడిగే పొడుగు గరిటెతో సందు వైపు చూపించేవాడు.

పని జరిగింది. వారానికి ఐదారుగురు రావడం మొదలైంది. బాబాయ్ కొత్తగా రెండు చక్రాల కుర్చీలు తెప్పించారు. మ్యాప్ సంగతి ఆయనకు నేను చెప్పలేదు. చెబితే ఒప్పుకోరు. వెబ్‌సైట్‌లో తన ఫోటో చూసే జనం వస్తున్నారనుకున్నారు. కనిపించినప్పుడల్లా "అంతా ఇస్త్రీ చొక్కా మహత్యం" అనేవారు. ఆయన నవ్వుతుంటే నాకు అమ్మ రుణం తీరుతున్నట్టే ఉండేది.

ఇప్పుడు మంగళవారం సంగతి.

సోమవారం సాయంత్రం ఆరు గంటలకు చెప్పుల షాపు ఆయన నాకు మెసేజ్ పెట్టాడు. బావమరిదికి ఆపరేషన్ ఉందనీ, మంగళవారం షాపు తీయడనీ, వెబ్‌సైట్‌లో పెట్టమనీ. మంగళవారం ఉదయం తొమ్మిదీ పదికి నేను ఆయన వెబ్‌సైట్‌లో "ఈ రోజు సెలవు" అని పెట్టాను. మ్యాప్‌లో కూడా ఆ షాపు మూసి ఉందని మార్చాను. మొత్తం నాలుగు నిమిషాల పని. ఆయన "నువ్వుండబట్టి సరిపోయిందమ్మా" అని జవాబిచ్చాడు. నాకు సంతోషమేసింది. మంచి పేరు తెచ్చుకున్నాననుకున్నాను.

ఆ నాలుగు నిమిషాలూ నేను చూస్తున్నది అదే మ్యాప్. చెప్పుల షాపు గుర్తు, దాన్ని ఆనుకుని బాబాయ్ షాపు గుర్తు, రెండూ నా కళ్ళెదుటే ఉన్నాయి. ఒకటి ఎర్రగా మారింది, ఒకటి పచ్చగానే ఉంది. చెప్పుల షాపు మూసేస్తే దారి చూపించే మనిషి ఉండడన్న ఆలోచన నాకు రాలేదు. ఇది ఎవరూ నమ్మరని తెలుసు. కానీ రాలేదు.

పది యాభైకి బేకరీకి వెళ్ళాను. వాళ్ళ వెబ్‌సైట్ కోసం రొట్టెలు పొయ్యిలోంచి బయటికి తీస్తున్న వీడియో కావాలి. తీస్తుండగా ఫోన్ మోగితే వీడియో పాడవుతుందని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను. ఆవిరి సరిగా కనపడలేదని అవే రొట్టెలను మళ్ళీ లోపల పెట్టించి నాలుగుసార్లు తీయించాను. బేకరీ ఆయన "కంప్యూటరమ్మా, ఇంకోసారి పెడితే ఇవి రస్కులైపోతాయి" అన్నాడు. అందరం నవ్వాం. అప్పుడు టైము పదకొండూ ఇరవై అయి ఉంటుంది.

ఇక్కడి నుంచి నేను చెప్పేది నా ఫోన్‌లో ఉన్న మెసేజ్‌లను బట్టి, ఆసుపత్రి ఎదుట టీ అమ్మే ఆయన చెప్పినదాన్ని బట్టి, మీకు ఫిర్యాదు ఇచ్చిన ఆమె ఈ ఉదయం నాతో అన్నదాన్ని బట్టి.

ఆమె ఇంట్లోనే స్కూలు పిల్లల యూనిఫారాలు కుడతారు. ఆమె భర్త డ్రైవింగ్ నేర్పే మాస్టారు. ఈ ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగంమంది ఆయన దగ్గర తిట్లు తిన్నవాళ్ళే. రెండేళ్ళుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నారు. సిలిండర్ ఇచ్చే బండి సోమవారం రావలసింది రాలేదు. మంగళవారం పది నలభైకి మీటరు ముల్లు ఎర్ర గీతలోకి వచ్చింది. పక్కింటావిడను ఆయన దగ్గర కూర్చోబెట్టి, చిన్న ఖాళీ సిలిండర్‌ను గుడ్డసంచిలో వేసుకుని ఆమె ఆటో ఎక్కారు. బయలుదేరేటప్పుడు మాస్టారు "కంగారుపడకు, బ్రేకు మీద కాలుంచుకో" అన్నారట.

ఆటోలో ఫోన్ తీసి వెతికారు. రెండు షాపులు కనిపించాయి. రోడ్డు అవతల అద్దాల షాపు, ఇవతల మాది. ఆమె మాదే ఎంచుకున్నారు. ఎందుకని అడిగాను. ఫోటోలో పెద్దాయనను చూస్తే మోసం చేసే మనిషిలా అనిపించలేదన్నారు.

పదకొండూ నాలుగుకు చెప్పుల షాపు ముందు దిగారు. షట్టర్ వేసి ఉంది. పైన బోర్డు చెప్పులదే. మ్యాప్ మాత్రం ఇదే షాపు అంటోంది, తెరిచి ఉంది అంటోంది. పేరు మార్చి బోర్డు మార్చలేదేమో అనుకున్నారు.

పదకొండూ ఐదుకు మెసేజ్: "షాపు ముందున్నాను. ఆక్సిజన్ కావాలి."

జవాబు: "నమస్కారం. మీ మెసేజ్ అందింది. మేం ఇక్కడే ఉన్నాం. వెంటనే వచ్చేయండి."

పదకొండూ తొమ్మిది: "షట్టర్ వేసి ఉంది. ఎటు నుంచి రావాలి?"

జవాబు అదే.

పదకొండూ పదహారు: "తొందరగా తీయండి. ఇంట్లో ఆయనకి అయిపోతోంది."

అదే.

పదకొండూ ఇరవై మూడు: "లోపల ఉన్నారా?"

అదే. మేం ఇక్కడే ఉన్నాం.

పదకొండూ ముప్ఫై ఒకటి: "అయ్యా, ఎవరైనా ఉంటే పలకండి."

మేం ఇక్కడే ఉన్నాం. వెంటనే వచ్చేయండి.

లోపల మనిషి ఉండి, వస్తున్నాడనుకుని ఆమె ఇరవై తొమ్మిది నిమిషాలు షట్టర్ కొట్టారు. జవాబు రాకపోయుంటే రెండు నిమిషాల్లో రోడ్డు దాటి అద్దాల షాపుకు వెళ్ళేదాన్నన్నారు. టీ అమ్మే ఆయన రోడ్డు అవతలి నుంచి చూశాడు. చెప్పు తెగి ఉంటుంది, అంత తొందరేమిటి అనుకున్నాడట. ఇప్పుడు అతనూ అన్నం తినలేకపోతున్నాడు.

ఆ సమయమంతా బాబాయ్ షాపు తెరిచే ఉంది. ఆరు నిండు సిలిండర్లు గోడవారన వరసగా ఉన్నాయి. ఆరువందల నలభై అడుగుల దూరంలో షాపు తెరిచే ఉంది.

పదకొండూ ముప్ఫై మూడుకు ఆమె రోడ్డు దాటారు. సిలిండర్ తీసుకుని ఇల్లు చేరేసరికి పదకొండూ యాభై రెండు. మాస్టారు పదకొండూ నలభైకే పోయారు. పక్కింటావిడ టైము చూశారు. ఇరవై నిమిషాల ముందు అంది ఉంటే మనిషి దక్కేవాడని డాక్టరు గారు రాసిచ్చిన కాగితం మీ దగ్గర ఉంది.

పదకొండూ నలభై ఏడుకు నేను ఫోన్ మామూలుగా పెట్టాను. ఐదు మెసేజ్‌లు ఒక్కసారి వచ్చాయి. అన్నీ చదివాను. ఆమె నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పరుగెత్తుకుంటూ చెప్పుల షాపు దగ్గరకు వెళ్ళేసరికి పన్నెండూ ఐదు. ఎవరూ లేరు. షట్టర్ మీద దుమ్ములో అరచేతుల గుర్తులున్నాయి. పైన కొన్ని, కింద కొన్ని. కొంతసేపు కూర్చుని కూడా కొట్టినట్టున్నారు.

మధ్యాహ్నం మూడింటికి కళ్ళద్దాల షాపు ఆయన ఫోన్ చేసి, డ్రైవింగ్ మాస్టారు పోయారనీ, ఆక్సిజన్ దొరకలేదటనీ చెప్పాడు. అప్పుడు నాకు మొత్తం అర్థమైంది.

సాయంత్రం నాలుగు గంటలకు నేను మ్యాప్‌లో బాబాయ్ షాపు గుర్తును తీసి మళ్ళీ వెనక వీధిలో, దాని అసలు చోట పెట్టాను. ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో చేశాను. మార్చిలో జరిపింది, మంగళవారం వెనక్కి జరిపింది, రెండూ టైముతో సహా నా అకౌంట్‌లో ఉన్నాయి. కాగితాలు తీసి ఇచ్చాను. ఫోన్ కూడా ఇచ్చాను.

నేను చేసిన ఆ రెండో పని వల్ల ఏమైందో ఇప్పుడు చెబుతాను. మొదటిదానికంటే ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది.

బుధవారం ఉదయం ఆమె ఇక్కడికి వచ్చి ఫిర్యాదు ఇచ్చారు. షాపు మూసి ఉందనీ, రమ్మని మెసేజ్‌లు మాత్రం పెట్టారనీ చెప్పారు. మీ వాళ్ళు మ్యాప్ తెరిచి చూశారు. గుర్తు వెనక వీధిలో ఉంది. వెళ్ళి చూస్తే షాపు అక్కడే ఉంది. మంగళవారమంతా తెరిచే ఉందని ప్రెస్ ఆయన చెప్పాడు. అందుకని ఆమెతో "అమ్మా, మీరు కంగారులో దారి తప్పి ఇంకో షాపు ముందు నిలబడ్డారు" అన్నారు. చెప్పినవారిని నేను తప్పు పట్టడం లేదు. వాళ్ళకు కనపడింది వాళ్ళు చెప్పారు. ఆమె అది నమ్మేశారు. తన కాళ్ళే తనను తప్పు చోటికి తీసుకెళ్ళాయనీ, భర్తను తానే పోగొట్టుకున్నాననీ నమ్మేశారు.

మీరు బాబాయ్‌ని కూడా అడిగారు. మంగళవారం ఒకావిడ మీ షాపు ముందుకు వచ్చి అరగంట పిలిచిందట, ఎందుకు పలకలేదు అని. ఆయనకు మ్యాప్ అంటే తెలియదు. షట్టర్ అన్న మాట విన్నారో లేదో కూడా తెలియదు. ఆమె వచ్చి పిలిచిందన్న ఒక్క ముక్క మాత్రం విన్నారు. "అయితే నాకే వినపడలేదు. తప్పు నాదే" అని సంతకం పెట్టేశారు. మెసేజ్‌లు ఎవరు పెట్టారని అడిగితే "నా షాపు పేరుమీద వచ్చిన మాట నా మాటే" అన్నారట. నా పేరు చెప్పలేదు.

ఇదంతా బుధవారం సాయంత్రం ప్రెస్ ఆయన చెబితే తెలిసింది. అయినా నేను రాలేదు. గురువారం కూడా రాలేదు. నలభై ఒక్క షాపుల జాబితా తీసి చూసుకున్నాను. అందులో తొమ్మిదింటిని జరిపి ఉన్నాను. అన్నిటినీ వాటి వాటి చోట్లకు తిరిగి జరిపాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. సాయంత్రానికి తాళాలాయన ఫోన్ చేసి "ఏమమ్మా, పొద్దుట్నుంచి ఒక్క పిట్ట కూడా వాలలేదు, ఏం చేశావేంటి? పాత చోటే పెట్టెయ్" అన్నాడు. ఎందుకు తీశానో చెప్పాను. "అది ఆక్సిజన్ కాబట్టి. తాళం లేకపోతే ఎవరూ చచ్చిపోరు కదా" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

బాబాయ్‌కి మంచి చేద్దామనే నేను మొదలుపెట్టాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలాగైంది. ఊడింది నా నాలుక అయితే బాగుండేది.

ఈ ఉదయం పది గంటలకు వచ్చి ఇన్‌స్పెక్టర్ గారికి అంతా చెప్పాను. పది నిమిషాలు విన్నారు. తర్వాత బాబాయ్‌ని లోపలి గదిలోంచి పిలిపించారు. బుధవారం వేసుకున్న చొక్కాతోనే ఉన్నారు. నన్ను చూడగానే "నువ్వెందుకొచ్చావమ్మా? పనులన్నీ మానుకుని" అన్నారు. ఆయన ఇచ్చిన వాంగ్మూలం మార్చాలంటే ఏం జరిగిందో ఆయనకు తెలియాలి, నువ్వే చెప్పమన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

చెప్పాను. ఆయనకు వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "ఆఁ?" అన్నారు. కుడిచెవి దగ్గరకు వెళ్ళి అరిచాను. "బాబాయ్, ఆవిడ నీ షాపుకి రాలేదు. నీ షాపుని నేను ఫోన్‌లో చెప్పుల షాపు దగ్గర పెట్టాను. ఆవిడ అక్కడికెళ్ళింది. అక్కడ కొట్టింది. నువ్వు వినకపోవడం కాదు. నేనే. నావల్లే ఆయన పోయాడు." ఈ మాటలు మూడుసార్లు అరవాల్సి వచ్చింది. నావల్లే పోయాడన్నది కూడా మూడుసార్లు. స్టేషన్‌లో ఉన్నవాళ్ళంతా రాస్తున్నవి ఆపి చూశారు.

బాబాయ్‌కి మూడోసారికి అర్థమైంది. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "పొద్దుట్నుంచీ గుమ్మంలోనే కూర్చున్నాను కదమ్మా. ఎవరైనా వస్తారేమోనని" అన్నారు. కాసేపటికి "చెప్పుల షాపంటే ఎంతమ్మా, మోసుకొచ్చినా పది నిమిషాలు" అన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కోపంతో కాదు. నేనెవరో మర్చిపోయినట్టు తీసుకున్నారు.

అప్పటికి ఆమె బయట వరండాలో బెంచీ మీద ఉన్నారు. భర్త కాగితాలేవో తీసుకెళ్ళడానికి వచ్చారట. నాకు తెలియదు. నా అరుపులు అక్కడిదాకా వినపడ్డాయి. లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. కొడతారేమో అనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను.

"అయితే నేను దారి తప్పలేదా?" అని అడిగారు.

నేను బాబాయ్ పక్క నుంచి ఆమె వైపు తిరిగాను.

"మూడ్రోజుల్నుంచీ అదే ఆలోచిస్తున్నా. కళ్ళు మూసుకుంటే ఆ రోడ్డే. ఎక్కడ తిరగాల్సింది ఎక్కడ తిరిగానా అని. చెప్పమ్మా, నేను తప్పు చోటికి వెళ్ళానా?"

"లేదండీ" అన్నాను. "మీరు సరిగ్గానే వచ్చారు. నేను రమ్మన్న చోటికే వచ్చారు."

ఆమె నేలమీద కూర్చుని ఏడ్చారు. ఆమె ఫోటో చూసి ఎంచుకున్న పెద్దాయన వచ్చి, ఆమె పక్కనే నేలమీద కూర్చున్నారు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదటిసారి. నేను ఉన్నచోటే నిలబడ్డాను. నా వైపు ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఆమె తేరుకుని, నేను అడిగితే, పైన రాయించిన మంగళవారం సంగతులు చెప్పారు. ఇదంతా పదకొండు గంటలకు ముందు జరిగింది. పదకొండూ పదికి ఈ వాంగ్మూలం రాయడం మొదలుపెట్టారు. ఒంటిగంటా ఇరవైకి రాయడం పూర్తయింది. బాబాయ్‌ని ఇంటికి పంపేశారని ఇప్పుడే చెప్పారు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది. ఒక్కచోట మాత్రం, మార్చి పద్నాలుగున గుర్తును "పొరపాటున" మార్చానని రైటరు గారు దయతో రాశారు. ఆ మాట కొట్టించాను. తెలిసే మార్చాను. కొట్టివేతకు పక్కన నా పొడి అక్షరాలు ఉన్నాయి. మిగిలినదంతా నిజం. నేను స్పృహలో ఉండి, ఒకరి ప్రోద్బలం లేకుండా చెప్పాను. ఇందులో నన్ను తప్పించే మాట ఏదైనా ఉంటే అది నేను చెప్పింది కాదు.

(సంతకం)